బండలాగుడు – బరిలోని న్యాయం

పాఠ్యభాగ ఉద్దేశం

పోటీ అనగానే గెలుపు, ఓటమి, బహుమతి అనేవే ముందుగా మనసుకు తోస్తాయి. ఎవరు ఎవరితో తలపడాలి అన్న నియమం అంత త్వరగా తోచదు. కర్నూలు, కడప ప్రాంతాలలో ప్రసిద్ధమైన బండలాగుడు పోటీలను ఆధారంగా చేసుకొని విభాగ నియమాలకూ బహుమతి ధనానికీ గల సంబంధాన్ని వివరించడం, నోరులేని జీవి పట్ల మనిషికి ఉండవలసిన బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రాయలసీమ వానకు ఎదురుచూసే సీమ. తుంగభద్ర, కుందూ, పెన్నా నదులు ఈ నేల మీదుగా పారుతున్నా అధికభాగం సేద్యం మేఘం మీదనే ఆధారపడి ఉంది. కుందూ లోయలోని నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి నేల తడిస్తే బంకగా మారుతుంది. ఆరితే రాయిలా బిగుసుకుంటుంది. ఈ రెండు స్థితులకూ నడుమ దొరికే కొద్ది రోజులలోనే మడక కట్టాలి, గుంటక తోలాలి, గొర్రుతో విత్తాలి. రైతు భాషలో దీనిని ‘అదను, పదను’ అంటారు. అదను తప్పితే ఆ ఏడు పంట తప్పినట్లే. ట్రాక్టరు రాని కాలంలో ఆ కొద్ది రోజులలో రైతును గట్టెక్కించినది ఎద్దు బలమే. అందుకే సీమలో మంచి ఎద్దుల జత ఒక కుటుంబానికి ఆస్తి, అండ, పరువు కూడా.

ఎద్దుకు ఈ సీమలో భక్తిపరమైన గౌరవమూ ఉంది. మహానంది, యాగంటి వంటి శైవక్షేత్రాలలో నందీశ్వరుడు ప్రత్యేక పూజలు అందుకొంటాడు. బసవేశ్వరుని నందీశ్వరుని అవతారంగా కీర్తించిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం తెలుగువారి తొలి దేశి కావ్యాలలో ఒకటి. ఏరువాక పున్నమినాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి ఊరేగించే ఆచారం పల్లెలలో నేటికీ ఉంది. ఉగాది, శివరాత్రి, శ్రీరామనవమి, గ్రామదేవతల తిరునాళ్ళ సందర్భాలలో జరిగే బండలాగుడు పోటీలు ఈ గౌరవం నుండీ, ఆ సేద్యపు అవసరం నుండీ పుట్టుకొచ్చినవిగా కనిపిస్తాయి. ఈ పోటీల కరపత్రాలలో ఎద్దులను ‘వృషభరాజములు’ అని వ్రాయడం పరిపాటి. మాటలో ఇచ్చిన రాజగౌరవం బరిలో ఎంతవరకు దక్కుతున్నది అన్నదే ఆలోచింపదగిన విషయం.

కాలం స్థిరం – దూరం కొలత

బండలాగుడును పరుగు పందెంగా భావించకూడదు. పరుగు పందెంలో దూరం స్థిరంగా ఉంటుంది. ఎవరు తక్కువ కాలంలో చేరితే వారు విజేతలు. బండలాగుడులో కాలమే స్థిరం. పది నిమిషాలో, పదిహేను నిమిషాలో, ఇరవై నిమిషాలో నిర్వాహకులు ముందుగా నిర్ణయిస్తారు. ఆ గడువులో ఎద్దుల జత బరువైన బండను ఎంత దూరం లాగితే అంతే దాని ఫలితం. బరి పొడవు ముందే కొలిచి ఉంటుంది. ఒక చివరకు చేరిన తరువాత బండను తిప్పి మళ్ళీ రెండో చివరకు లాగాలి. ఉదాహరణకు, 300 అడుగుల బరిలో ఒక జత పదిసార్లు నిండుగా లాగి, గడువు ముగిసేసరికి మరో 127 అడుగుల వద్ద నిలిచినదనుకొందాం. ఆ జత లాగిన మొత్తం దూరం 3,127 అడుగులు. అంగుళాల తేడాతో స్థానాలు తారుమారయ్యే సందర్భాలు కూడా ఉంటాయి.

కాలాన్ని స్థిరంగా ఉంచి దూరాన్ని కొలవడం ఓర్పును పరీక్షించే పద్ధతి. మొదటి రెండు నిమిషాలలో దూకుడు చూపిన జత చివరి నిమిషాలలో చతికిలబడవచ్చు. నిదానంగా మొదలుపెట్టిన జత దానిని దాటిపోవచ్చు. ఎద్దు ఊపిరిని, అడుగును కనిపెట్టి తోలడంలోనే తోలేవాని నేర్పు ఉన్నది.

యంత్రయుగంలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. 1922లో ఫ్రాన్సు దేశంలో ‘బోల్ డోర్’ అనే మోటారుసైకిల్ ఓర్పు పోటీ మొదలైంది. ఇరవైనాలుగు గంటలలో ఎవరు ఎక్కువ దూరం నడిపితే వారే అందులో విజేతలు. 1978లో జపానులోని సుజుకాలో ఎనిమిది గంటల పోటీ ఆరంభమైంది. ఆ బరిలో ఇంధనం, ఈ బరిలో గడ్డీ దాణా. అక్కడ చక్రం, ఇక్కడ గిట్ట. పరీక్ష మాత్రం ఒక్కటే. ఇంజను శక్తిని నేటికీ ‘అశ్వశక్తి’ అనే పేరుతో కొలుస్తున్నాము. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రాల సామర్థ్యాన్ని గుర్రపు శక్తితో పోల్చి చెప్పడం వల్ల ఆ పేరు స్థిరపడింది. పశువు బలాన్ని కొలిచిన మాటతోనే మనిషి యంత్రాన్ని కొలిచాడన్నమాట.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. ఒక ఊరిలో 3,000 అడుగులు లాగిన జత, మరొక ఊరిలో 2,500 అడుగులు లాగిన జత కంటె గొప్పదని చెప్పడానికి వీలులేదు. బండ బరువు వేరు కావచ్చు. గడువు వేరు కావచ్చు. ఇసుక నేలలో బండ కదిలే తీరు వేరు, గట్టి నేలలో వేరు. ఒకే బరిలో కూడా ఉదయం చల్లని వేళ లాగిన జతకూ, మిట్టమధ్యాహ్నం లాగిన జతకూ మధ్య సమానత్వం లేదు. అందువల్లనే వరుసను నిర్ణయించడానికి చీటీలు తీస్తారు. చీటీ ఎండను తగ్గించలేదు; కాని ఎండ ఎవరి వంతుకు వస్తుందో నిర్ణయించే అధికారాన్ని మనుషుల చేతినుండి తప్పిస్తుంది.

పన్నే పుట్టుక పత్రం

ఎద్దుకు జనన ధ్రువపత్రం ఉండదు. దాని వయసు చెప్పేది పన్నే. పశువుకు పైదవడ ముందుభాగంలో పళ్ళుండవు. గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. క్రింది దవడ ముందుభాగంలో ఎనిమిది పళ్ళుంటాయి. దూడకు మొదట వచ్చేవి పాలపళ్ళు. సుమారు రెండేళ్ళు దాటిన తరువాత నడుమనున్న రెండు పాలపళ్ళు ఊడి, వాటిచోట వెడల్పయిన శాశ్వతదంతాలు మొలుస్తాయి. తరువాత కొన్ని నెలల వ్యవధితో ఒక్కొక్క జతగా నాలుగు, ఆరు, చివరకు ఎనిమిది పళ్ళు పూర్తవుతాయి. నాలుగు, అయిదేళ్ళ వయసుకు నోరు నిండుతుంది. మేత, జాతి, ఆరోగ్యం అనువాటిని బట్టి ఈ కాలాలలో కొంత హెచ్చుతగ్గు ఉంటుంది.

ఈ జ్ఞానమే బండలాగుడు పోటీలలో విభాగ నియమమైంది. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని పోటీలను విడదీస్తారు. పళ్ళు నిండిన ఎద్దులకు జూనియర్స్, సీనియర్స్ వంటి పేర్లతో వేరే విభాగాలుంటాయి. వీటికి తోడు చాలాచోట్ల ‘సేద్యపు విభాగం’ ఒకటి ఉంటుంది. విభాగం మారినకొద్దీ బండ బరువు మారుతుంది. పోటీకి ముందు ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూడడం ఒక ముఖ్యఘట్టం. పాలపన్ను ఊడి కొత్త పన్ను అప్పుడే చిగురు చీల్చుకొని వస్తున్న పశువును ఏ విభాగంలో చేర్చాలన్న వివాదం తలెత్తేది ఇక్కడనే. యజమానికి క్రింది విభాగం లాభం. ఎదుటివానికి అది అన్యాయం. అందుచేత మొలిచిన పన్నును లెక్కించాలా, ఎదిగిన పన్నునే లెక్కించాలా అన్నది పోటీకి ముందే, అందరూ వినేటట్లు చెప్పి తీరాలి. బరిలో దిగిన తరువాత చెప్పిన నియమం నియమం కాదు, పక్షపాతం.

విభాగాలు లేకపోతే ఏమవుతుంది? మూడేళ్ళ కోడె ఏడేళ్ళ ఎద్దుతో తలపడవలసి వస్తుంది. ఓటమి ముందే నిశ్చయమైన పోటీకి ఎవరూ రారు. వచ్చినవాడు గెలవాలన్న పట్టుదలతో కోడెను శక్తికి మించి హింసిస్తాడు. మల్లయుద్ధంలో, ముష్టియుద్ధంలో శరీరబరువును బట్టి, మోటారుసైకిల్ పోటీలలో ఇంజను పరిమాణాన్ని బట్టి విభాగాలు ఏర్పరచడానికి కారణం ఇదే. సమానులమధ్య జరిగితేనే అది పోటీ.

సేద్యపు విభాగం – సామాన్యుని వాకిలి

పైన పేర్కొన్న వాటిలో సేద్యపు విభాగం ప్రత్యేకమైనది. మిగిలినవి వయసును బట్టి ఏర్పడినవి. ఇది వృత్తిని బట్టి ఏర్పడింది. నిజంగా పొలం దున్నే ఎద్దులకు ఈ విభాగం ఉద్దేశింపబడింది. దీని అవసరం అర్థం కావాలంటే కాలం తెచ్చిన మార్పును గమనించాలి.

ఒకప్పుడు పోటీకి వచ్చిన ఎద్దే మరునాడు మడక లాగేది. ట్రాక్టరు వచ్చిన తరువాత సేద్యంలో ఎద్దు పని తగ్గిపోయింది. 2012, 2019 పశుగణనలను పోల్చి చూస్తే దేశంలో గోజాతి మొత్తం సంఖ్య స్వల్పంగా పెరిగినా, అందులో మగ పశువుల సంఖ్య మాత్రం సుమారు 30 శాతం తగ్గింది. పని లేని ఎద్దును పోషించడం చిన్న రైతుకు మోయలేని భారం. మరొకవైపు స్తోమత గలవారు ఒంగోలు జాతి కోడెలను ఎంపిక చేసి కొని, పొలానికి పంపకుండా, ప్రత్యేకమైన దాణా పెట్టి, రోజూ సాధన చేయించి, కేవలం పోటీకోసమే పెంచుతున్నారు. అటువంటి జతకూ, ఉదయం గుంటక తోలి సాయంత్రం చొప్ప తినే జతకూ వయసు సమానమే కావచ్చు. స్థితి సమానం కాదు. పళ్ళ లెక్క ఈ తేడాను పట్టుకోలేదు. పట్టుకోగలిగింది సేద్యపు విభాగమే.

మోటారుసైకిల్ ఓర్పు పోటీలలోనూ ఇటువంటి ఏర్పాటు ఉన్నది. ప్రపంచస్థాయి పోటీలలో కర్మాగారాల అండతో ఎన్నో మార్పులు చేసిన యంత్రాలకు ఒక విభాగం ఉండగా, అంగడిలో కొనే బండికి దగ్గరగా, పరిమితమైన మార్పులతో నడిచే యంత్రాలకు ‘సూపర్‌స్టాక్’ అనే వేరు విభాగం ఉన్నది. రెండూ ఒకే బరిలో, ఒకే సమయంలో పరుగెత్తినా వాటి స్థానాలను వేర్వేరుగా లెక్కిస్తారు. ధనబలం మొత్తం ఆటను ఆక్రమించకుండా సామాన్యునికి తెరిచి ఉంచిన వాకిలి అది. రాయలసీమ పల్లెలో సేద్యపు విభాగం చేస్తున్న పని కూడా అదే.

అయితే పన్నును చూసి వయసు చెప్పవచ్చును గాని, ఎద్దును చూసి అది పొలం దున్నుతున్నదో లేదో చెప్పడం సులభం కాదు. మెడమీద కాడి రాచుకొన్న గుర్తును బట్టి చెప్పవచ్చునంటే, సాధన చేసే ఎద్దుకూ ఆ గుర్తు ఉంటుంది. కాబట్టి ఈ విభాగానికి ఆధారం ఊరివారి సాక్ష్యమే. ఎవరి ఎద్దు ఎవరి పొలంలో తిరుగుతున్నదో ఊరికి తెలుసు. పళ్ళ విభాగం శరీరశాస్త్రం మీద నిలిస్తే, సేద్యపు విభాగం సత్యం మీద నిలుస్తుంది.

పందెం – బహుమతి

తెలుగులో పోటీకి, పందేనికి మధ్య భేదం తరచు చెరిగిపోతుంది. పందెంలో ఇరుపక్షాలూ తమ సొత్తును ఒడ్డుతాయి. ఓడినవాడు దానిని కోల్పోతాడు. భారతకథలో ధర్మరాజు జూదంలో రాజ్యాన్ని, తమ్ములను, తనను, ద్రౌపదిని ఒడ్డి పోగొట్టుకొన్నాడు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో కోడిపందెం దేశాన్ని విడిచిపోయే షరతుకు, చివరకు మహాయుద్ధానికి దారితీసింది. బహుమతి అట్టిది కాదు. దానిని మూడవవాడు ఇస్తాడు. ఓడినవాడు కోల్పోయేది శ్రమను, ఖర్చును మాత్రమే. బండలాగుడులో దాతలు ప్రకటించే నగదు బహుమతి సత్కారం. ప్రేక్షకులమధ్య చాటుగా సాగే డబ్బు ఒడ్డులు జూదం. రెండవదానిని 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం నేరంగా పరిగణిస్తుంది. జూదం ప్రవేశించిన బరిలో నిర్ణేత నిష్పక్షపాతంగా ఉండడం కష్టం. ఎద్దు క్షేమంగా ఉండడం మరింత కష్టం.

బహుమతి ధనాన్ని ఎలా పంచుతారన్నది కూడా నియమమంత ముఖ్యమైనదే. ఒక పోటీకి దాతలు లక్ష రూపాయలు ఇచ్చారనుకొందాం. దానిని 60,000, 30,000, 10,000 చొప్పున ముగ్గురికే పంచవచ్చు. లేదా 30,000, 25,000, 20,000, 15,000, 10,000 చొప్పున అయిదుగురికి పంచవచ్చు. ఒక జతను దూరంనుండి వాహనంలో తెచ్చి, మేత, మనుషుల ఖర్చులు భరించడానికి 12,000 రూపాయలు అవుతుందనుకొంటే, మొదటి పద్ధతిలో ఇద్దరికే మిగులు. మూడవవానికి 2,000 నష్టం. నాలుగవ, అయిదవ స్థానాలవారికి మొత్తం ఖర్చూ నష్టమే. రెండవ పద్ధతిలో నలుగురికి మిగులు; అయిదవవానికి నష్టం రెండువేలే. ధనం ఒక్కటే, పంపకం మారగానే మరుసటి ఏడు ఎందరు రైతులు తిరిగి వస్తారన్నది మారిపోయింది.

మొదటి పద్ధతి పేరు తెస్తుంది. పెద్ద మొత్తం కరపత్రం మీద కంటికి కొట్టినట్లు కనిపిస్తుంది, జనం వస్తారు. కాని మొదటి, రెండవ స్థానాలకు మధ్య ముప్పైవేల తేడా ఉన్నచోట చివరి నిమిషంలో తోలేవాని చేతి చెర్నాకోల ఆగదు. బహుమతుల మధ్య అంతరం పెరిగినకొద్దీ ఆ భారం ఎద్దు వీపు మీద పడుతుంది. విభాగాలమధ్య కూడా ఇదే న్యాయం. సీనియర్ విభాగానికి లక్షలు ప్రకటించి, సేద్యపు విభాగానికి నామమాత్రంగా ఇస్తే, ఆ విభాగం పేరుకే మిగులుతుంది.

ఎద్దుకు దక్కేది

విభాగ నియమం మనుషుల మధ్య న్యాయం కోసం ఏర్పడింది. కాని దానివల్ల ఎద్దుకు కూడా మేలు జరగాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పశువును కొట్టడాన్ని, మితిమీరిన బరువు లాగించడాన్ని మాత్రమేగాక, వయసు, రోగం, గాయం వంటి కారణాలవల్ల తగని స్థితిలో ఉన్న పశువుచేత పని చేయించడాన్ని కూడా నేరంగా పేర్కొన్నది. 1965లో బరువులు లాగే, మోసే పశువులకోసం చేసిన నియమాలు మరింత స్పష్టమైనవి. ముల్లు అమర్చిన కర్రలను వాడరాదు. పశువుచేత బండి లాగించడం గాని, బరువు మోయించడం గాని రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించరాదు. విరామం లేకుండా అయిదు గంటలకు మించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు ఆ పనులు చేయించరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప ప్రాంతాలకు ఈ చివరి మాట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

వృషభాలతో జరిపే ఆటలపై దేశమంతటా చర్చ సాగింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. ఆ తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు తమ రాష్ట్రాలకు వర్తించేలా చట్టాన్ని సవరించుకొన్నాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని పేర్కొన్నది. ఆచారానికీ కరుణకూ మధ్య నడిచిన ఈ వాదంలో ఇరుపక్షాల మాటలలోనూ సత్యం ఉన్నది. పోటీలు లేకపోతే దేశవాళీ ఎద్దును పెంచేవారు కరువవుతారని ఒకరి బాధ. పెంచడం పేరుతో హింసించడం తగదని మరొకరి బాధ.

ఈ దృష్టితో చూసినపుడు పాలపళ్ళ విభాగం ఒక చిక్కుప్రశ్నగా నిలుస్తుంది. లేతవయసు కోడెను ముదురు ఎద్దులతో తలపడకుండా కాపాడేది ఆ విభాగమే. ఎముకలు ముదరకముందే దానిని బరిలోకి లాగేదీ ఆ విభాగమే. కాబట్టి విభాగాన్ని ఏర్పరచడంతో నిర్వాహకుల బాధ్యత తీరదు. ఆ వయసుకు తగిన బండను, తగిన గడువును, తగిన వేళను నిర్ణయించడం, పశువైద్యుని పరీక్ష తరువాతనే బరిలోకి అనుమతించడం, ఎద్దు మోకాళ్ళపై కూలితే గడువుతో నిమిత్తం లేకుండా కాడి విప్పించడం కూడా ఆ బాధ్యతలో భాగాలే.

పోటీ ముగిసిన తరువాత దాతకు సన్మానం దక్కుతుంది. యజమానికి ధనం, పేరు దక్కుతాయి. తోలేవానికి మెప్పు దక్కుతుంది. ప్రేక్షకునికి వినోదం దక్కుతుంది. మూడువేల అడుగులు బండ లాగిన ఎద్దు మాత్రం ఏ బహుమతినీ ఎరుగదు. ఎండ ఎక్కకముందే వరుస రావడం, తన వయసుకు తగిన బండ మెడకు తగలడం, వీపు మీద దెబ్బ పడకపోవడం, కాడి దించగానే నీడలో నీళ్ళు దొరకడం – ఇవే అది ఎరిగిన సుఖాలు. ఈ నాలుగూ దానికి ఇవ్వగలిగేది దాత కాదు, నియమం. ‘వృషభరాజము’ అన్న బిరుదు కరపత్రం దాటి బరిలోకి రావాలంటే, బహుమతి మొత్తాన్ని ప్రకటించినంత గట్టిగా నియమాన్ని కూడా ప్రకటించాలి, పాటించాలి.

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బండలాగుడు పోటీలలో విభాగాలను ఏయే ప్రాతిపదికలపై ఏర్పరుస్తారు? వాటి ఆవశ్యకతను వివరించండి.
2. బహుమతి ధనాన్ని పంచే పద్ధతి రైతుమీద, ఎద్దుమీద ఎటువంటి ప్రభావం చూపుతుందో పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. వేర్వేరు ఊళ్ళలో లాగిన దూరాలను పోల్చడం ఎందుకు సరికాదు?
2. పందేనికీ బహుమతికీ గల భేదమేమి?
3. సేద్యపు విభాగాన్ని సూపర్‌స్టాక్ విభాగంతో పోల్చడానికి కారణమేమి?
4. పాలపళ్ళ విభాగం చిక్కుప్రశ్న ఎట్లయింది?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పశువు వయసును దేనిని బట్టి గుర్తిస్తారు?
2. బోల్ డోర్ పోటీ ఏ సంవత్సరంలో మొదలైంది?
3. బసవపురాణ కర్త ఎవరు?

ఈ. కింది పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
అదను, స్తోమత, నిష్పక్షపాతం, నామమాత్రం, పరిపాటి

ఉ. మీ ప్రాంతపు తిరునాళ్ళలో జరిగే ఏదైనా ఒక పోటీని ఎంచుకొని, దాని నియమాలను పెద్దలనడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.